పడకెక్కని పంటి నొప్పి



“పీకేయండి డాక్టరుగారూ, పీడా పోతుంది.” ప్రభుత్వాసుపత్రుల్లో పళ్ళ డాక్టరుగా పనిచేసినన్నాళ్లూ నేను అన్నిటికన్నా ఎక్కువగా విన్న మాట ఇదే. అన్నవాళ్లు ముసలివాళ్లేమీ కాదు. ఆటో నడుపుకునే కుర్రాడు, బట్టల షాపులో రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయి, డిగ్రీ చదువుతున్న పిల్ల. నోరు తెరిపించి చూస్తే కింది దవడలో పెద్ద పన్ను పుచ్చి ఉంటుంది. పీకాల్సినంత పాడై ఉండదు. లోపల శుభ్రం చేసి, వేర్లలో మందు నింపి, పైన క్యాప్ వేస్తే ఏళ్ల తరబడి నమిలిపెట్టే పన్ను. ఆ మాటే చెబుతాను. “ఎంతవుద్దండీ?” అంటారు. ఇక్కడ రూట్ కెనాల్ చేసే సామాను లేదమ్మా, బయట చేయించుకోవాలి, ఇంతవుతుంది అనగానే ముఖం వాడిపోతుంది. “అయితే పీకేయండి.” పీకడం మా దగ్గర ఉచితం.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ ఉచితం గురించీ, దాని వెనకున్న లెక్క గురించీ. పన్ను ఊడబెరికించుకోవాలంటే పేదవాడికి సర్కారు దవాఖానా ఉంది. అదే పన్నును నిలబెట్టుకోవాలంటే దాదాపు ఎవరూ లేరు. ఆరోగ్యశ్రీ కార్డు అక్కరకు రాదు, ఏటా ప్రీమియం కట్టి కొనుక్కున్న పాలసీ కూడా చాలావరకు అక్కరకు రాదు.

ముందు జబ్బు సంగతి చెప్పుకుందాం. పిప్పి పన్ను ఒక్క రోజులో తయారయ్యేది కాదు. మొదట చిన్న నల్ల చుక్క. నొప్పి ఉండదు. ఆ దశలో వస్తే అరగంట పని, సిమెంట్ పెట్టి పంపిస్తాం. ప్రైవేటు క్లినిక్‌లో అయినా వెయ్యి, పదిహేను వందల్లో తేలిపోతుంది. కానీ నొప్పి లేని పంటి కోసం పని మానుకుని ఆసుపత్రికి వచ్చేదెవరు? కొన్నాళ్లకు చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది. ఆ పక్కతో నమలడం మానేస్తారు. తర్వాత రాత్రుళ్లు పోటు మొదలవుతుంది. లవంగం నొక్కిపెట్టుకుంటారు, మెడికల్ షాపులో అడిగి రెండు బిళ్ళలు వేసుకుంటారు, పంటి బిగువున నాలుగు రోజులు గడిపేస్తారు. ఆ తర్వాత ఒకరోజు నొప్పి దానంతటదే పోతుంది. తగ్గిపోయిందనుకుంటారు. అసలు జరిగింది వేరు. లోపలి నరం చచ్చిపోయింది. ఇక చీము వేరు చివర చేరుతుంది, ఎముకను తింటుంది. ఏ పండగ నాడో, ఏ పెళ్లిలోనో దవడ వాచి బయటపడుతుంది.

ఇందులో నాకు ఎప్పుడూ బాధ కలిగించే సంగతి ఒకటుంది. పిల్లలకు ఆరేళ్లప్పుడు పాలపళ్ళ వరసకు వెనకాల ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. ఎలాగూ ఊడిపోయేదే కదా అని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. నేను పీకిన పళ్ళలో ఎక్కువ భాగం అవే.

ఇప్పుడు ఖర్చు. ఊరిని బట్టి, డాక్టరును బట్టి మారుతుంది గానీ, మన పట్టణాల్లో దవడ పంటికి రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించుకుంటే మామూలుగా ఆరేడు వేల నుంచి పదిహేను వేల దాకా అవుతుంది. ఇంప్లాంట్ అయితే ఒక్క పంటికే పాతిక వేలు దాటుతుంది. 2024-25లో ఉపాధి హామీ కూలీ మన రెండు రాష్ట్రాల్లోనూ రోజుకు 300 రూపాయలు. తొమ్మిది వేల రూపాయల పన్ను అంటే నెల రోజుల మట్టిపని. ఇంట్లో బియ్యం, పిల్లాడి ఫీజు, గ్యాస్ బండ అన్నీ ఆపుకుని ఒక పన్నును కాపాడుకోమని ఏ డాక్టరు మాత్రం ఏ నోటితో చెప్పగలడు?

డాక్టర్లు దోచుకుంటున్నారని కోపం తెచ్చుకునేవాళ్లుంటారు. అలాంటివాళ్లు ఏ వృత్తిలోనైనా ఉన్నారు, కాదనను. కానీ రూట్ కెనాల్ అసలు ఏమిటో ఒకసారి చూడండి. దవడ పంటికి మూడో నాలుగో కాలువలుంటాయి, వెంట్రుకంత సన్నవి. ఒక్కోదాన్నీ సూదుల్లాంటి ఫైళ్లతో గీకి, కడిగి, ఎక్స్‌రే తీసి చూసుకుంటూ చివరిదాకా నింపాలి. రెండు మూడు సార్లు కూర్చోబెట్టాలి. ఫైళ్లు అరిగిపోతాయి, మార్చాలి. కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే మిషను, సామాన్లు ఉడకబెట్టే ఆటోక్లేవ్ అన్నీ డాక్టరే అప్పు చేసి కొనుక్కోవాలి. క్యాప్ తయారుచేసే ల్యాబుకు విడిగా ఇవ్వాలి. గుండె డాక్టరుకు ఆసుపత్రి ఆపరేషన్ థియేటరు సమకూర్చి పెడుతుంది. పళ్ళ డాక్టరు తన థియేటరును తానే కట్టుకోవాలి. ఆ ఖర్చంతా చివరికి కుర్చీలో నోరు తెరిచి పడుకున్న మనిషి జేబులోంచే రావాలి, ఎందుకంటే మధ్యలో ఇంకెవరూ లేరు.

ఆ మధ్యలో ఉండాల్సింది బీమా. ఎందుకు లేదు?

మన ఆరోగ్య బీమా పాలసీలు ఆసుపత్రి పడక మీద నిలబడి ఉన్నాయి. 24 గంటలు అడ్మిట్ అయి ఉండాలన్నది మూలసూత్రం. కంటి శుక్లాల ఆపరేషన్ లాంటివి కొన్ని గంటల్లో అయిపోయినా డే కేర్ కింద ఒప్పుకుంటారు. కానీ దాని నిర్వచనంలోనే ఓపీలో మామూలుగా చేసే వైద్యాన్ని తీసేశారు. పంటి వైద్యం పుట్టుకతోనే ఓపీ వైద్యం. కుర్చీలో జరుగుతుంది, లేచి ఇంటికి వెళ్లిపోతాం. కాబట్టి పాలసీ కాగితాల్లో దంత వైద్యమంటే ఏమిటో నిర్వచనం ఉంటుంది, పరీక్ష, ఫిల్లింగ్, క్యాప్, పీకడం అని పేర్లూ ఉంటాయి, తీరా డబ్బు దగ్గరకొచ్చేసరికి ప్రమాదంలో దెబ్బ తగిలితేనో, ఆసుపత్రిలో చేరాల్సి వస్తేనో తప్ప ఇవ్వరు. 2020లో అన్ని కంపెనీలూ ఒకే తీరున అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఆరోగ్య సంజీవని అనే పాలసీ తెచ్చింది. అందులో జబ్బు వల్లగానీ దెబ్బ వల్లగానీ అవసరమైన దంత వైద్యాన్ని చేర్చారు. చదవగానే సంతోషం వేస్తుంది. అయితే అది కూడా ఆసుపత్రిలో చేరినవాళ్ల ఖర్చుల జాబితాలోనే ఉంది. ఓపీ ఖర్చులకు అదనపు ప్రీమియం కట్టి తీసుకునే కవర్లు కొన్ని ఉన్నాయి. వాటిలోనూ ఏడాదికి ఇంత అని పరిమితి, ఇన్నాళ్లు ఆగాలని షరతు.

ఈ నిబంధన ఏం చేస్తుందో నా కళ్ళతో చూశాను. కింది దవడ పంటి చీము ఒక్కోసారి దవడ కిందికి, నాలుక కిందికి దిగి మెడంతా వాచిపోతుంది. ఊపిరాడదు. ప్రాణం మీదికొచ్చే స్థితి. రాత్రికి రాత్రి అడ్మిట్ చేసి, మెడ దగ్గర కోసి చీము తీసి, రక్తనాళం ద్వారా మందులెక్కించాలి. ఒక్కోసారి గొంతుకు రంధ్రం పెట్టాల్సి వస్తుంది, ఐసీయూలో ఉంచాల్సి వస్తుంది. అప్పుడు పాలసీ పనిచేస్తుంది! లక్షా, లక్షన్నరా బిల్లు అయినా చెల్లిస్తారు. ఆరు నెలల ముందు ఆ పంటికే వెయ్యి రూపాయల ఫిల్లింగ్ చేసి ఉంటే ఇదంతా తప్పేది. ఆ వెయ్యి ఇవ్వడానికి మాత్రం నిబంధన ఒప్పుకోదు.

ప్రభుత్వ పథకాల్లోనూ ఇదే వరస. ఆరోగ్యశ్రీ 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం. ఎంతమంది గుండెల్ని, మూత్రపిండాల్ని అది నిలబెట్టిందో లెక్కలేదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఇస్తుంది. 2024 నుంచి 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా వర్తిస్తోంది. ఇవి పెద్ద జబ్బుల కోసం పుట్టిన పథకాలు. అందుకే దవడ ఎముక విరిగితే, నోటి క్యాన్సర్ వస్తే ఆదుకుంటాయి. 70 ఏళ్ల పెద్దాయనకు పళ్ళన్నీ ఊడిపోయి అన్నం పిసికి మజ్జిగతో మింగుతుంటే, ఆయనకు కావాల్సిన కట్టుడు పళ్ళ సెట్టు మాత్రం వాటిలో దొరకదు.

నోటి క్యాన్సర్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. మనదేశంలో మగవాళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే క్యాన్సర్ అదే. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఇంకో అలవాటు ఉంది. మత్స్యకార కుటుంబాల్లో పెద్ద వయసు ఆడవాళ్లు చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. ఆ వేడికి, పొగకు అంగిలి తెల్లబడి, పొక్కులు లేస్తాయి. కొందరిలో అది క్యాన్సరవుతుంది. నోరు తెరిపించి దీపం వేసి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ తెల్ల మచ్చను ముందే పట్టుకుంటే మనిషి మిగులుతుంది, ముఖమూ మిగులుతుంది. ఆ రెండు నిమిషాల పరీక్ష చేసే పళ్ళ డాక్టరు ఆ పల్లెకు అందుబాటులో ఉండడు. అంగిలి తీసేసే ఆపరేషన్‌కు మాత్రం కార్డు ఉంది.

ఇక నీళ్ల సంగతి. మనదేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి పరిశోధకులు నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి ప్రాంతంలో. తర్వాత నల్గొండ పేరు ప్రపంచమంతా తెలిసింది. మర్రిగూడ వైపు ఒంగిపోయిన ఎముకల ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఎముకల దాకా రానివాళ్లలో పళ్ళ మీద గోధుమరంగు చారలు, గుంటలు మిగిలాయి. పన్ను చిగురులో తయారవుతున్న వయసులో తాగిన నీళ్ల వల్ల వచ్చినవి అవి. ఆ పిల్లల తప్పేమీ లేదు, ఊరి బోరు నీళ్లే తాగారు. పెద్దయ్యాక ఉద్యోగం ఇంటర్వ్యూలో నోరు విప్పాలంటే చేత్తో మూసుకుంటారు. పెళ్లిచూపుల్లో నవ్వరు. దాన్ని బాగుచేయించుకోబోతే అందం కోసం చేయించుకునే వైద్యం అని పక్కన పెట్టేస్తారు. రక్షిత నీరు ఇవ్వలేకపోయిన కాలానికి ప్రభుత్వం చెల్లించాల్సిన బాకీ అది. అందం కింద రాయడం అన్యాయమని నా అభిప్రాయం.

బీమా కంపెనీలవాళ్లు చెప్పే మాట ఒకటుంది. దాన్ని పక్కకు నెట్టేయకూడదు. ఇల్లు కాలుతుందో లేదో తెలియదు కాబట్టి అందరూ కొంత కొంత వేసుకుంటారు, కాలినవాడికి ఇస్తారు. పళ్ళు అలా కాదు, దాదాపు అందరివీ పాడవుతాయి, పైగా పన్ను పుచ్చాకే పాలసీ కొనడానికి వస్తారు, మేం ఎలా నడుపుతాం అంటారు. నిజమే. నాకు తోచింది ఏమిటంటే, అందుకే దీన్ని కంపెనీలకు వదలకూడదు. కాన్పు అందరి ఇళ్లలోనూ జరుగుతుంది, టీకా ప్రతి బిడ్డకూ కావాలి. అవి ఖాయంగా వచ్చే ఖర్చులని ప్రభుత్వం తప్పుకోలేదు. ఖాయంగా వస్తాయి కాబట్టే నెత్తికెత్తుకుంది. పళ్ళు కూడా ఆ వరసలో ఉండాల్సినవి.

అమెరికా పంటి వైద్యాన్ని కంపెనీలకు వదిలేసి చూపించింది. 1965లో వృద్ధుల కోసం మెడికేర్ తెచ్చినప్పుడు, పళ్ళు నింపడం, తీయడం, కొత్తవి పెట్టడం వర్తించవని చట్టంలోనే రాసేశారు. అరవై ఏళ్లయినా ఆ మాట మామూలు మెడికేర్‌లో అలాగే ఉంది. పళ్ళకు విడిగా బీమా కొనుక్కోవాలి. అందులోనూ చాలా పాలసీలు ఏడాదికి వెయ్యి, రెండు వేల డాలర్ల మధ్య ఆగిపోతాయి. ఒక దవడ పంటి రూట్ కెనాల్, క్యాప్ కలిస్తే అదంతా అక్కడే హరించుకుపోతుంది. మన పిల్లలు అమెరికా చదువులకు బయల్దేరే ముందు “పళ్ళన్నీ ఒకసారి చూపించుకుని వెళ్లరా” అని అక్కడున్న అన్నలూ అక్కలూ ఫోన్ చేసి చెప్పడం మీ ఇళ్లలోనూ జరిగే ఉంటుంది. సెలవుల్లో వచ్చినవాళ్లు చుట్టాల ఇళ్లకన్నా ముందు డెంటల్ క్లినిక్‌కి వెళ్లడం హైదరాబాద్‌లో, విజయవాడలో మామూలైపోయింది.

2007 ఫిబ్రవరిలో వాషింగ్టన్ పక్కనే ఉన్న మేరీలాండ్ రాష్ట్రంలో 12 ఏళ్ల అబ్బాయి చనిపోయాడు. పిప్పి పంటి చీము మెదడుకెక్కింది. పేదల పథకం కింద పిల్లల పళ్ళు చూసే డాక్టరు ఆ తల్లికి దొరకలేదు. 80 డాలర్లతో పీకేస్తే పోయే పన్ను. రెండు మెదడు ఆపరేషన్లకూ, వారాల తరబడి ఆసుపత్రికీ రెండున్నర లక్షల డాలర్లు ఖర్చయినా బిడ్డ దక్కలేదు. ప్రపంచంలోకెల్లా ధనిక దేశంలో, దాని రాజధానికి కూతవేటు దూరంలో జరిగింది ఇది. ఆ తర్వాత అక్కడి పార్లమెంటు కదిలింది. 2009లో పిల్లల ఆరోగ్య పథకంలో పంటి వైద్యాన్ని తప్పనిసరి చేశారు.

బ్రిటన్ ఇంకో దారిన వెళ్లింది. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు పంటి వైద్యం అందరికీ ఉచితం. జనం వరద కట్టినట్టు వచ్చారు. తరాల తరబడి నోట్లో దాచుకున్న బాధ ఒక్కసారి బయటపడింది, కట్టుడు పళ్ళ కోసం క్యూలు కట్టారు. బడ్జెట్ తట్టుకోలేకపోయింది. 1951లో కట్టుడు పళ్ళ ఖరీదులో సగం రోగే కట్టుకోవాలన్నారు. ఆ సేవను నిర్మించిన మంత్రి అన్యూరిన్ బెవాన్ దానికి నిరసనగా రాజీనామా చేశాడు. ఇవాళ అక్కడ ప్రభుత్వ రేటుకు చూసే పళ్ళ డాక్టరు దొరకడమే కష్టంగా ఉంది. పంటి పోటు పడినవాళ్లను చూసినదాన్ని కాబట్టి పళ్ళ సెట్టు కోసం మంత్రి పదవి వదులుకున్న ఆయన మీద నాకు గౌరవం ఎక్కువ. అలాగే ఆ తొలి ఏళ్ల వరద నుంచి మనం నేర్చుకోవాల్సిందీ ఉంది. అన్నీ ఒకేసారి అందరికీ అంటే కూలిపోతుంది. పిల్లలతో, నొప్పితో, నమలలేని వృద్ధులతో మొదలుపెట్టాలి.

మన దగ్గర డాక్టర్లు లేరా అంటే ఉన్నారు. దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలు ఉన్నాయి. ఐదేళ్లు బీడీఎస్ చదివి, లక్షలు పోసి, చిన్న జీతానికి కార్పొరేట్ క్లినిక్‌లో పనిచేస్తున్న పిల్లల్ని నేను ఎరుగుదును. నగరంలో ఒకే వీధిలో నాలుగు క్లినిక్‌లు, ఏజెన్సీలో మండలానికి ఒక్కటీ లేదు. ఒకవైపు పని లేని డాక్టరు, ఇంకోవైపు డాక్టరు లేని నొప్పి. వీళ్లిద్దరినీ కలిపేది ప్రభుత్వ జీతం ఒక్కటే.

సామాను కూడా పెద్ద ఖరీదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన అత్యావశ్యక మందుల జాబితాలో పళ్ళకోసం మూడింటిని చేర్చింది. ఫ్లోరైడ్ పేస్టు, గ్లాస్ అయానమర్ సిమెంటు, సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్. ఈ మూడోది ఒక చుక్క మందు. పుచ్చిన చోట రాస్తే పుచ్చు అక్కడితో ఆగుతుంది, మచ్చ మాత్రం నల్లబడుతుంది. సిమెంటు పెట్టడానికి కరెంటు మిషనే అక్కర్లేదు, చేతి పనిముట్లతో పుచ్చును గీకి నింపే పద్ధతి ఉంది. అంగన్‌వాడీలో, బడి వరండాలో చేయొచ్చు. ఆయుష్మాన్ కింద నడిచే పల్లె ఆరోగ్య కేంద్రాలు ఇవ్వాల్సిన 12 రకాల సేవల్లో నోటి ఆరోగ్యం పేరు ఇప్పటికే ఉంది. పేరున్నచోటికి డాక్టరునూ, సిమెంటునూ పంపడమే మిగిలింది.

అప్పటిదాకా మీ చేతిలో ఉన్నవి చెబుతాను. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లు ఈఎస్ఐ ఆసుపత్రిలో డెంటల్ విభాగానికి వెళ్లండి. నెలకు 21,000 లోపు జీతమున్న చాలామందికి ఆ కార్డు ఉంది, జ్వరానికి తప్ప పంటికి వాడుకోరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు వాళ్ల ఆరోగ్య పథకం సీజీహెచ్ఎస్‌లో పళ్ళకు చోటుంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. రూట్ కెనాల్, కట్టుడు పళ్ళు బయటికన్నా చాలా తక్కువలో అవుతాయి. విద్యార్థులు చేస్తారని భయపడకండి, వెనకాల ప్రొఫెసర్ నిలబడి చూస్తారు. టైము మాత్రం ఎక్కువ పడుతుంది, రెండు మూడు సార్లు తిరగాలి. ప్రైవేటు డెంటల్ కాలేజీలు కూడా పల్లెలకు క్యాంపులు వేసి, బస్సులు పెట్టి రోగుల్ని తీసుకెళ్తాయి. వెళ్లండి. మధుమేహం ఉన్నవాళ్లు చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే తేలిగ్గా తీసుకోకండి, చిగుళ్ల జబ్బు షుగర్‌ను పెంచుతుంది, షుగర్ చిగుళ్లను పాడుచేస్తుంది. పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంటును ఓపీలో పంటి వైద్యం ఉందా, ఎంత వరకు, ఎన్నాళ్ల తర్వాత అని మూడు ప్రశ్నలూ అడిగి, జవాబును పాలసీ కాగితంలో చూపించమనండి. నోటిమాట నమ్మొద్దు.

ఇంకొక పని కూడా చేయండి. మీకు దగ్గర్లోని సామాజిక ఆరోగ్య కేంద్రంలో డెంటల్ చైర్ ఉందా, పనిచేస్తోందా, పళ్ళ డాక్టరు పోస్టులో మనిషి ఉన్నారా, గత ఏడాది ఎన్ని పళ్ళు పీకారు, ఎన్ని నింపారు? సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద రాసి అడగొచ్చు. పీకిన లెక్కా, నింపిన లెక్కా పక్కపక్కన ఉన్న ఆ కాగితం చేతికొచ్చాక మీ ఎమ్మెల్యే దగ్గరికి నలుగురు కలిసి వెళ్లండి. నింపిన లెక్క ఎందుకంత తక్కువ ఉందో ఆయన్ని అడగండి.